కన్ను తెరవని హిందూ మహాసముద్రం

బెంగళూరులో సముద్రం లేదు. భూగోళశాస్త్రం ఎమ్మే చదివినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు ముందే తెలుసు. అయినా తొంభైల మొదట్లో అక్కడి ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు నాకు ఉద్యోగమిచ్చి మహాసముద్రాల పాఠం చెప్పమన్నారు. మిగతా పాఠాలన్నీ నాకంటే ముందు చేరినవాళ్ళు పంచేసుకున్నారు. నేను రైలు దిగిన ప్లాట్‌ఫారం చివర పసుప్పచ్చ బోర్డు మీద, ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో రాసి ఉంది. ఆ ఊరికి సముద్రంతో ఉన్న సంబంధం అంతవరకే. నా పాఠం విన్న పిల్లలకీ అంతకుమించి పెరిగిందని చెప్పలేను.

మాది ఒంగోలు దగ్గర. బస్సెక్కితే సముద్రం. మాకది కార్తీకమాసంలో ఒకసారి వెళ్ళి, మోకాళ్ళ లోతులో నిలబడి, చెప్పులు ఎవరూ ఎత్తుకుపోలేదు కదా అని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకునే చోటు. దానికి అడుగు ఒకటి ఉంటుందని, ఆ అడుగున కొండలూ మైదానాలూ ఉంటాయని నాకు కాలేజీలో తెలిసింది. అక్కడివాణ్ణయి ఉండీ తెలియనందుకు నేనేమీ సిగ్గుపడలేదు. ఇంటికి పునాది ఎంత లోతుందో కూడా మాకెవరికీ తెలియదు.

ఉద్యోగం దొరికింది కాబట్టి మరుసటి ఏడు పెళ్ళి కుదిరింది. పిల్లది బెంగళూరే, నగర్తపేట. వాళ్ళ పెద్దలు ఎన్నో తరాల కిందట రాయలసీమ నుంచి వచ్చి స్థిరపడిన బొమ్మలు చేసేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో కాబోయే మామగారు జీతం అడగలేదు. నా ఊరేదో విని, కుర్చీలో ముందుకి జరిగాడు.

"సముద్రం చూసినారా?"

"చూశానండి."

"ఎట్లుంటాది?"

నేను నోరు తెరిచేలోపలే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు, వద్దు. చెప్పొద్దండి. నోరు జారి అడిగేస్తిని."

"నీళ్ళుంటాయండి, అంతే," అన్నాను, ఆయన్ని ఊరడించడానికి. తలుపు వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వినామెనే నేను పెళ్ళి చేసుకున్నాను.

ఆయన చెయ్యి ఎందుకు అడ్డం పెట్టాడో, పెళ్ళయి నేనూ ఆ ఇంట్లోనే చేరాక తెలిసింది. కింద కొట్టు, పైన పని చేసే మిద్దె. వీధి ఎంత ఇరుకంటే, ఎదురు కొట్టు అద్దాల వ్యాపారి తుమ్మితే మా మామ ఇక్కణ్ణుంచి "చిరంజీవ" అనేవాడు. వాళ్ళ తాతల కాలంలో దసరా బొమ్మలు చేసేవాళ్ళు. దసరా ఏడాదికోసారే వస్తుంది, ఆకలి రోజూ వస్తుంది. అందుకని మామ బడులకి మోడళ్ళు చెయ్యడం మొదలుపెట్టాడు. మనిషి గుండె, అగ్నిపర్వతం, పన్ను నిలువుకోత, సముద్రపు అడుగు. నానబెట్టిన కాగితపు గుజ్జు, సుద్ద, చింతగింజల బంక కలిపి రోట్లో దంచేవాళ్ళు. ఆ దంచే పని చిన్నప్పటినుంచీ మా ఆవిడది. ఆమె చేతులు చూసి నేను పెళ్ళయిన కొత్తలో ఎక్కువ వాదించేవాణ్ణి కాదు.

గుండెలూ పళ్ళూ ఆయన మామూలుగానే చేసేవాడు. సముద్రం దగ్గర మాత్రం మనిషి మారిపోయేవాడు. ఒడ్డు నుంచి కొంతదూరం నీళ్ళ కింద నేల పల్చటి వాలుతో సాగుతుంది, అది ఖండతీరపు అంచు. అక్కడినుంచి హఠాత్తుగా దిగుతుంది, అది వాలు. తరవాత మైళ్ళ తరబడి మైదానం. మధ్యలో పెద్ద పర్వతాల వరస. ఒక పక్కన చీలికలా అగాధం. ఇదంతా ఒక పీట మీద పట్టేటట్టు చేసి, నీలాల్లో రకాలు పూసేవాడు. ఎంత లోతైతే అంత ముదురు. అన్నీ అయిపోయాక, అగాధంలో అన్నిటికంటే లోతైన చోట ఒక చుక్క తెల్లగా వదిలేసేవాడు. దాని మీద గుడ్డ కప్పేవాడు.

"అది మరిచిపోయారా మామా?" అన్నాను మొదటిసారి చూసి.

"మరిచేదేముందప్పా. కన్ను అది. ఇంకా తెరవలే."

దేవుడి బొమ్మకి కళ్ళు ఆఖర్న పెడతారు. అంతవరకూ అది మట్టి, కాగితం. కన్ను పెట్టేటప్పుడు ఎదురుగా అద్దం పట్టుకుంటారు, తొలిచూపు అద్దం మీద పడాలి. అద్దం తీశాక రెండో చూపు చేసినవాడి మీద పడాలి. ఇది వాళ్ళింటి పద్ధతి. గుండెకీ పన్నుకీ ఈ మర్యాద లేదు. సముద్రం దేవుడు కాబట్టి ఉంది. మంచిరోజు చూసి, గుడ్డ తీసి, మా ఆవిడ చేత అద్దం పట్టించి, మామ ఆ తెల్ల చుక్క మీద నల్లటి నీలం పెట్టేవాడు. ఆ తరవాతే పీట బడికి వెళ్ళేది.

ఇందువల్ల వచ్చిన నష్టం ఏమిటో నాకు పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు తెలిసింది. సముద్రపు అడుగు బొమ్మ గీసి భాగాలు గుర్తించమని ప్రశ్న. కొందరు పిల్లలు అన్నీ సరిగ్గా గీసి, అగాధంలో గుండ్రటి చుక్క పెట్టి, బాణం గీసి, పక్కన కన్నడంలో "కణ్ణు" అని రాశారు. నా పక్కన కూర్చున్న లెక్చరరు అది చూసి, ఇది ఏ సిలబస్ అని అడిగాడు. మా మామగారి సిలబస్ అని చెప్పడానికి మొహమాటపడి, సున్నా వెయ్యడానికి మనసొప్పక, అర మార్కు వేశాను. ఇంటికొచ్చి చెబితే మామ సంతోషపడ్డాడు.

"చూడు, పిల్లోళ్ళకి తెలిసింది. మీకే తెలీలే."

ఇక సముద్రం చూడకపోవడం. అదీ ఆ పద్ధతిలోదే. రాముణ్ణి చూసి రాముడి బొమ్మ చేశామా అని ఆయన వాదన. చూడనిదాన్ని చేసి, కన్ను తెరిచి, అప్పుడు దర్శనం చేసుకోవాలి. ముందే చూసేస్తే చేసింది నకలు అవుతుంది. పీటల మీద చేసిన సముద్రాలు ఆయన లెక్కలో సముద్రాలు కావు, అవి నమూనాలు. ఆయన చెయ్యాలనుకున్నది ఒకటే, హిందూ మహాసముద్రం, మొత్తం. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా. అది పూర్తయి, కన్ను తెరిచిన మర్నాడు మద్రాసు బండెక్కి సముద్రం చూస్తానని చెప్పుకునేవాడు. మద్రాసు ఒక్క రాత్రి దూరం. మనిషికి యాభై దాటాయి. అంతకాలమూ ఆ బండి ఎక్కకుండా కూర్చున్నాడు.

అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల్లో ఆయనకి ఒకసారి విదేశీ పత్రిక నుంచి చించిన పెద్ద పటం దొరికింది. హిందూ మహాసముద్రంలో నీళ్ళన్నీ తోడేస్తే ఎలా ఉంటుందో అలా వేసిన బొమ్మ. అరవైల్లో చాలా దేశాల ఓడలు కలిసి ఈ సముద్రాన్ని కొలిచాయి, ఆ కొలతల మీద వేసింది. దాన్ని గోడకి అంటించి, మంచమంత బల్ల మీద పని మొదలుపెట్టాడు. అప్పటికి నేను అల్లుడినై రెండు మూడేళ్ళు. ఆదివారాలు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. చదివి చెప్పడం నా పని, చెయ్యడం ఆయన పని, ఇద్దరికీ కాఫీ తేవడం మా ఆవిడ పని కాదని ఆమె మొదటి ఆదివారమే తేల్చిచెప్పింది.

"మామా, మీకొక బాధాకరమైన సంగతి చెప్పాలి," అన్నాను ఒకరోజు. "ఇంత పెద్ద బల్ల మీద నిజమైన కొలతతో చేస్తే, ఈ సముద్రం లోతు ఒక అట్ట మందం ఉంటుంది."

"ఏ అట్ట?"

"నోటుపుస్తకం అట్ట."

ఆయన బల్ల మీదికి వంగాడు. "అట్ట మందం సముద్రానికి ఎవురప్పా దండం పెడతారు?"

"ఎవరూ పెట్టరు. అందుకే ప్రపంచంలో అందరూ లోతుని పెంచే చేస్తారు."

"అట్లయితే నాలుగు వేళ్ళ లోతు పెడతా. ఇంగ దీని గురించి ఎవురికీ చెప్పొద్దు."

నాలుగు వేళ్ళ లోతుతో చేశాడు. ఆ పని జరిగిన ఆదివారాలు నాకిప్పటికీ ఇష్టం. కాలేజీలో నిద్రపోతున్నవాళ్ళకి చెప్పే పాఠం అక్కడ మేలుకున్నవాడికి చెప్పేవాణ్ణి. మొదట్లో సముద్రం లోతు తాడుతో కొలిచేవాళ్ళు. తాడు చివర సీసపు గుండు, గుండు అడుగున కొవ్వు. గుండు నేలని తాకితే కొవ్వుకి ఇసకో బురదో అంటుకుని పైకొచ్చేది. చూసి అడుగున ఏముందో చెప్పేవాళ్ళు. నూరేళ్ళకి పైన కిందట ఇంగ్లీషువాళ్ళ ఓడ ఒకటి శాస్త్రవేత్తల్ని ఎక్కించుకుని ఏళ్ళ తరబడి ప్రపంచమంతా తిరిగి ఇదే పని చేసింది. లోతైన చోట తాడు దించి మళ్ళీ లాగడానికి పూటలు పట్టేది. ఒకచోట కొలిస్తే, మళ్ళీ కొలిచే చోటు వందల మైళ్ళ అవతల. మధ్యలో ఏముందో ఎవరికీ తెలియదు.

"తెలీనిచోట ఏం పెట్టినారు?"

"చదునుగా గీత గీశారు."

"సోమరులు," అన్నాడు మామ.

తరవాత శబ్దం వచ్చింది. ఓడ నుంచి కిందకి మోత పంపి, అది నేలకి తగిలి తిరిగొచ్చే వేళని బట్టి లోతు లెక్కకట్టారు. అప్పటిదాకా చదును అనుకున్నచోట కొండలు లేచాయి. మహాసముద్రాల నడుమ పర్వతాల వరస ఒకటి భూగోళమంతా చుట్టుకుని ఉందని బయటపడింది. ఆ కొలతల నుంచి పటం గీసినామె అమెరికాలో ఒక గదిలో కూర్చుని గీసింది. ఆడదని ఓడ ఎక్కనివ్వలేదు. మగవాళ్ళు ఓడల్లో వెళ్ళి అంకెలు తెచ్చేవాళ్ళు, ఆమె బల్ల దగ్గర గీసేది. ఆ పర్వతాల నడినెత్తిన చీలిక ఉందని ఆమె చెబితే మొదట ఆడవాళ్ళ కబుర్లని కొట్టిపారేశారట. చీలిక ఉంది.

ఇది విని మా ఆవిడ రోకలి ఆపింది. మామ కూడా చేతిలో గుజ్జు ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఆయమ్మ సముద్రం చూడలేదా?"

"ఒడ్డు చూసే ఉంటుంది మామా. అడుగు కొలిచే ఓడే ఎక్కనివ్వలేదు."

"మన మాదిరి," అన్నాడు. అంత గౌరవంగా ఆయన ఇంకెవరి గురించీ మాట్లాడగా నేను వినలేదు. గోడ మీది పటానికీ ఆమె గీతలే ఆధారమని చెప్పాక, దానికి ఆ రోజు నుంచి ఊదొత్తి వెలిగించేవాడు.

తొంభైల చివర్లో పని అయిపోయింది. పర్వతాల వరస, దీవులు, గంగ మోసుకొచ్చి విసనకర్రలా పరిచిన ఒండ్రు, అన్నీ అయ్యాయి. రంగులయ్యాయి. మిగిలింది కన్ను. నా పుస్తకాల అవసరం నిజంగా పడింది అప్పుడే. మామ దగ్గర ఉన్న అట్లాసులో హిందూ మహాసముద్రంలో అన్నిటికంటే లోతైన చోటు జావా పక్క అగాధంలో ఉంది. కాలేజీ లైబ్రరీ నుంచి నేను తెచ్చినదాంట్లో అది ఆస్ట్రేలియాకి నైరుతి మూల ఉంది. మూడోది తెచ్చాను, అది జావా అంది. నాలుగోది ఆస్ట్రేలియా. ఐదోది తేవద్దని మామే చెప్పాడు.

"సముద్రానికి లోతైన చోటు ఎక్కడుందో తెలీకుండా మీరు పరీక్షలెట్ల పెడతారప్పా?"

"మార్కు ఇచ్చేది పుస్తకంలో ఉన్నదానికి మామా, సముద్రంలో ఉన్నదానికి కాదు."

"వేళాకోళం వద్దు. యాడ పెట్టాలో చెప్పు."

"జావా దగ్గర పెట్టండి. నగర్తపేటలో ఎవడూ దిగి చూడడు."

"దేవుడు చూడడా? ముక్కు మీద కన్ను పెడితే ఊరుకుంటాడా?"

మా ఆవిడ మధ్యలోకొచ్చింది. "నాయనా, సుమ్నే, ఊరికే ఒకటి పెట్టెయ్. పెట్టి మద్రాసుకి పోదాం. ఎన్నాళ్ళు కూర్చుంటావు?"

"తెలిసినాంక పెడతా. కొలుస్తా ఉండారంట కదా."

కొలుస్తూ ఉన్న మాట నిజం. అది నేనే చెప్పాను. ఉపగ్రహాలు సముద్రం పైభాగం ఎగుడుదిగుళ్ళని కొలిచి, దాన్నిబట్టి అడుగు ఎలా ఉందో ఊహిస్తున్నాయని ఆ రోజుల్లోనే పత్రికల్లో వచ్చింది. నేను ఉత్సాహంగా చదివి వినిపించాను. అంతా తేలిపోవడానికి ఎక్కువ కాలం పట్టదనుకున్నాను. మామ రెండు చోట్లా రెండు తెల్ల చుక్కలు వదిలి, బల్ల మీద తెల్ల పంచె కప్పి, తేలేదాకా ఆగుదామన్నాడు. శాస్త్రం మీద నాకు అంత నమ్మకం లేకపోయి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనిపించింది. ఎదురుచూడ్డానికి శాస్త్రానికి వయసుతో పని లేదు.

ఏళ్ళు గడిచాయి. మధ్యలో ఊరు మారింది. మా వీధి మాత్రం మారలేదు, దానికి అటూ ఇటూ చోటు లేదు. మా ఒంగోలు వైపు కుర్రాళ్ళు కంప్యూటర్ల ఉద్యోగాలకి వచ్చి, వారాంతాల్లో కార్లు కట్టించుకుని సముద్రానికి వెళ్ళొచ్చేవాళ్ళు. వాళ్ళు మా ఇంటికొచ్చి అలల గురించి మాట్లాడబోతే మామ లేచి మిద్దెక్కి వెళ్ళిపోయేవాడు.

రెండువేల నాలుగు డిసెంబరులో ఆ అల వచ్చింది. ఆదివారం. టీవీలో మద్రాసు ఒడ్డు చూపిస్తున్నారు. మామ ముందుగదిలోకి రాలేదు, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెవులతోనే విన్నాడు. మర్నాడు పేపర్లలో పటం వేశారు. జావా అగాధం వరసలోనే, ఉత్తరపు కొసన, సముద్రపు నేల విరిగింది. ఆయన పేపరు పట్టుకుని మిద్దెక్కాడు. నేను వెనకాలే వెళ్ళాను. పంచె తీసి ఆ వరస వెంట వేలు పెట్టి సుమత్రా దాకా వెళ్ళాడు. వెళ్ళి ఆపాడు. పంచె కప్పేశాడు.

విచిత్రం ఏమిటంటే, ఆ తరవాతి నెలల్లో సముద్రపు అడుగు కావాలని బడులన్నీ వచ్చాయి. అంతకు ముందు గుండెకీ పంటికీ ఉన్న గిరాకీ దీనికెప్పుడూ లేదు. దేవనహళ్ళి వైపు, కొత్త విమానాశ్రయం రాబోతున్నదన్న చోట, ఒక పెద్ద బడి కట్టారు. దాని ప్రిన్సిపాలమ్మ స్వయంగా నగర్తపేట సందులోకి వచ్చింది. కారు రాదు కాబట్టి నడిచి వచ్చింది, ఆ గౌరవం మామకి నచ్చింది. పెద్ద మోడలు చూస్తానంటే పంచె తీసి చూపించాడు. ఆమె బల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. బడి ముందు హాల్లో గాజు పెట్టెలో పెడతానంది. పిల్లలు రోజూ చూస్తారంది.

"కన్ను తెరిచి ఇస్తానమ్మా," అన్నాడు మామ.

"ఎప్పుడు?"

ఆయన నా వైపు చూశాడు.

ఆమె వెళ్ళాక మా ఆవిడకి ఓపిక నశించింది. "నాయనా, ఇంగేమి? పిల్లోళ్ళు చూస్తారంట. రెండిట్లో ఏదో ఒకటి పెట్టు."

"యాడ పెట్టేది? జావా పక్క పెడితే, అంతమంది పోయినారే, ఆ పక్కే కన్ను తెరిచినట్టుంటాది. ఆస్ట్రేలియా పక్క పెడితే, ఈ అలకి భయపడి పెట్టినట్టుంటాది. ఈ యేడు వద్దు."

దీనికి నేను జోకు వెయ్యలేకపోయాను. ఎంత ఆలోచించినా ఆయన మాటలో తప్పు దొరకలేదు. ప్రిన్సిపాలమ్మ ఒక ఏడు ఆగింది. తరవాత ఆ గాజు పెట్టెలో చేపల్ని పెట్టుకున్నారని విన్నాం.

ఈలోగా మామ మెట్ల దగ్గర తడబడ్డం మొదలుపెట్టాడు. కాఫీ గ్లాసు పక్కన పెడితే కనబడేది కాదు, ఎదురుగా పెడితే కనబడేది. కళ్ళ డాక్టరు నీటికాసులన్నాడు. చూపు పక్కలనుంచి మూసుకుంటూ వస్తుందట, మనిషికి తెలిసేసరికి చాలా పోయి ఉంటుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలబెట్టాలి. నిలబడలేదు. కొన్నాళ్ళు ఆయన హిందూ మహాసముద్రాన్ని కాస్త కాస్తగా చూసేవాడు, ఒక కొండ, పక్కన ఇంకో కొండ, గొట్టంలోంచి చూసినట్టు. తరవాత వేళ్ళతో చూసేవాడు. పంచె కింద చెయ్యి పెట్టి, ఆఫ్రికా అంచు నుంచి బయల్దేరి, ఆ రెండు తెల్ల చుక్కల దాకా వెళ్ళొచ్చేవాడు. అవి ఎక్కడున్నాయో ఆయన వేళ్ళు సరిగ్గా చెప్పేవి. ఏది నిజమో చెప్పేవి కావు.

మద్రాసు మాట మేమిద్దరం ఎత్తడం మానేశాం. ఒకనాడు పొద్దున్నే ఆయనే ఎత్తాడు.

"అల్లుడా, మద్రాసుకి టికెట్లు తీస్తావా?"

నేను మా ఆవిడని చూశాను. ఆమె నన్ను చూసింది.

"కన్ను తెరవలేదు కదా మామా?"

"తెరవకముందు చూడకూడదని కదప్పా పద్ధతి. ఇప్పుడు పోతే చూసినట్టు కాదు."

చెప్పి నవ్వాడు. జీవితమంతా ఎదుటివాళ్ళని నవ్వించి బతికినవాణ్ణి నేను. ఇంత మంచి జోకు నేనెప్పుడూ వెయ్యలేదు. ఇది వినాల్సి రాకపోయి ఉంటే ఎంత బాగుండేదో కూడా చెప్పలేను.

వెళ్ళాం. పొద్దుటి బండి దిగి, ఆటో కట్టించుకుని, మధ్యాహ్నపు ఎండలో ఒడ్డుకి చేరాం. ఇసకలో చాలా దూరం నడవాలి. ఆయన మా ఇద్దరి భుజాలూ పట్టుకుని నడుస్తూ, సగం దూరంలో ఆగిపోయాడు.

"ఏమది?"

"సముద్రం మామా."

"అంతా అదేనా? ఎవురో గుంపు కాదా?"

"అదే."

"ఇంత గలాటె చేస్తాదని నువ్వెప్పుడూ చెప్పలేదే."

నిజమే. ఇన్నేళ్ళ ఆదివారాల్లో తాళ్ళ గురించి, గుండు అడుగు కొవ్వు గురించి, శబ్దంతో లోతు కొలవడం గురించి కూడా చెప్పాను. సముద్రానికి చప్పుడుంటుందని చెప్పలేదు. ఆయన చేసింది ఎప్పుడూ చప్పుడు లేని సముద్రం.

మోకాళ్ళ దాకా దిగాం. అల వచ్చి పంచె తడిపింది. నేను అలవాటుగా వెనక్కి తిరిగి చెప్పుల వంక చూశాను. ఆయన వంగి అరచేత్తో నీళ్ళు తాకి నాలిక్కి రాసుకున్నాడు.

"ఇది ఖండతీరపు అంచు కదా?"

"అవును మామా. చాలా దూరం ఇలాగే ఉంటుంది."

"వాలు యాడ?"

"చాలా దూరం పోవాలి."

"అయితే వద్దులే." అని, అలాగే నిలబడ్డాడు. అల వెనక్కి పోతూ ఆయన మడమల కింద ఇసకని లాక్కుపోయింది. ఆయన ఒక్కసారిగా నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"కింద కదల్తా ఉండాది."

"ఇసక మామా. అల వెళ్ళేటప్పుడు లాగుతుంది."

"నేను గట్టిగా చేసినానే," అన్నాడు. "బంక ఎక్కువ ఏసి, గట్టిగా చేసినా. ఇది కదల్తాది." కాసేపాగి, మా ఆవిడ వైపు తల తిప్పి అడిగాడు. "ఎట్లుంటాదమ్మా?"

జవాబు ఇవ్వాల్సింది ఆమే. ఆమె కూడా మొదటిసారి చూస్తోంది. తండ్రి తరవాత చూద్దామని ఆగిన మనిషి.

"నీళ్ళుండాయి నాయనా," అంది.

ఆయన మరుసటి వానాకాలం పోయాడు. మిద్దె ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. నలుగురం ఎత్తి, మెట్ల మీద అడ్డంగా తిప్పి, హిందూ మహాసముద్రాన్ని సందులోకి దింపి, మా కాలేజీ భూగోళం గదికి చేర్చాం. ఆఫ్రికా మూల కొంచెం నలిగింది. పంచె నేనే కప్పి ఉంచేవాణ్ణి. పాఠం రోజున తీసేవాణ్ణి. పిల్లలు ఎప్పుడూ అడిగేది ఒక్కటే, ఆ తెల్ల చుక్కలేమిటని. తెలియని చోట్లని చెప్పేవాణ్ణి. సముద్రాల పాఠంలో నేను చెప్పిన నిజాల్లో అది గట్టిది.

కొన్నేళ్ళ కిందట ఆ సంగతి తేలింది. ఒక ఓడ వెళ్ళి, మంచి పరికరాలతో రెండు చోట్లా కొలిచింది. జావా అగాధమే లోతు. తేడా పెద్దగా లేదు. కాగితం మీద లెక్క వేసి చూశాను. మామ నాలుగు వేళ్ళ లోతు పెట్టిన ఆ బల్ల మీద, ఇక్కడికీ అక్కడికీ తేడా ఒక అట్ట మందం. నోటుపుస్తకం అట్ట. దానికోసం ఆగాడు.

మా ఆవిడకి చెప్పాను. ఆదివారం పొద్దున్న నల్లటి నీలం, సన్న కుంచె తీసుకుని కాలేజీకి బయల్దేరింది. చేసినవాడి చేత్తోనే కదా పెట్టాలి అన్నాను. చేసినవాడు కాదు, చేసినవాళ్ళు అనండి అంది. గుజ్జంతా తను దంచిందేనంది. నేను వాదించలేదు.

గదిలో మేమిద్దరమే. పంచె తీశాం. ఆస్ట్రేలియా పక్క చుక్కని ఆమె చుట్టూ ఉన్న నీలంతో కలిపేసింది. తరవాత జావా దగ్గరికి వచ్చింది. నేను అద్దం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. నగర్తపేట ఎదురు కొట్టు నుంచి ఎప్పుడో తెచ్చిన అద్దం, అన్ని పీటలకీ పట్టింది అదే. ఆమె చుక్క పెట్టి, కుంచె తీసి, వెనక్కి జరిగింది.

ఇక అద్దం తియ్యాలి. తీస్తే రెండో చూపు పడాల్సింది మామ మీద, మామ లేడు. నా చెయ్యి నొప్పి పుడుతోంది.

"ఇంగ తియ్యండి," అంది మా ఆవిడ.

"కాసేపు ఉండనీ," అన్నాను.